తలల్లోంచి పోని తల్లి

“ఈ మాట నీకెవరు చెప్పారు?”

“మా పక్కింటామె చెప్పింది, దొరా.”

పక్కింటామెను పిలిపించారు. తనకేం తెలియదని, చేపలమ్ముకునేవాడు చెబితే విన్నానని ఆమె మొత్తుకుంది. చేపలవాడు తన బావమరిదిని చూపించాడు. బావమరిది ఇంకెవరినో చూపించాడు. ఒక్కరిదీ సొంత మాట కాదు, అందరిదీ విన్న మాటే. కొస పట్టుకుని లాక్కుంటూ పోగా, ఆరుగురి తర్వాత ఒక మనిషి దగ్గర దారం ఆగింది. వెల్స్ అనే చిన్న రేవు ఊరికి చెందిన ఒక బీద స్త్రీ.

1540 జనవరి. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్ఫోక్ సీమ. విచారణ చేసినవాడు సర్ రోజర్ టౌన్‌షెండ్, ఆ ప్రాంతంలో పేరున్న భూస్వామి, రాజు తరఫున మేజిస్ట్రేటు. ఆమె మీద మోపిన నేరం ఒక కథ చెప్పడం. అక్కడికి ఐదు మైళ్ల దూరంలో ఉన్న వాల్సింగం మఠం నుంచి మరియమాత స్వరూపాన్ని అధికారులు లండన్‌కు తరలించారు కదా, ఆ తర్వాత కూడా ఆ తల్లి ఒక అద్భుతం చేసిందని ఆమె చెప్పింది.

పక్కింటామె, చేపలవాడు, బావమరిది నా కల్పన. ఆరుగురన్న లెక్క, వెల్స్ ఊరు, బీద స్త్రీ అన్న మాట మాత్రం టౌన్‌షెండ్ దొర జనవరి 20న థామస్ క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరంలోవి. క్రామ్‌వెల్ అంటే అప్పట్లో ఎనిమిదో హెన్రీ రాజుకు కుడిభుజం, దేశంలోని మఠాలన్నిటినీ మూయించిన మంత్రి. ఆ ఉత్తరంలో ఆమె పేరు లేదు. జరిగిందన్న అద్భుతమేమిటో కూడా లేదు. జబ్బుపడ్డ బిడ్డ లేచి కూర్చుందో, తుపానులో పోయిందనుకున్న పడవ ఒడ్డుకు చేరిందో, దొరకు అనవసరం. పుట్టించింది ఎవరన్నదే ఆయనకు కావాలి.

పేదరాలి నోట పుట్టిన ఒక కబురును మేజిస్ట్రేటు ఇంటింటా తరుముకుంటూ పోయాడు, పోయి ఆ సంగతి మంత్రికి రాశాడు! ఇందులో భయమెవరిది అనిపించక మానదు. వాల్సింగం వెనక కథ తెలిస్తే గాని దానికి జవాబు దొరకదు.

*

వాల్సింగం వాళ్లు చెప్పుకునే కథ 1061లో మొదలవుతుంది. రిషెల్డిస్ అనే జమీందారిణికి మరియమాత దర్శనమిచ్చి, నజరేతులో గబ్రియేలు దూత తనకు శుభవార్త చెప్పిన ఇంటిని చూపించిందట. దాని కొలతలు తీసుకుని అలాంటిదే ఇక్కడ కట్టమందట. వడ్రంగులు ఎంత తంటాలు పడ్డా కొయ్యలు ఒకదానికొకటి కుదరలేదు. ఆమె రాత్రంతా ప్రార్థించింది. తెల్లారేసరికి ఇల్లు రెండు వందల అడుగులు జరిగి, ఏ కీలూ వదులు లేకుండా నిలబడి ఉందట. ఈ కథ అచ్చులో కనిపించేది 15వ శతాబ్దం చివర్లో, ఒక గేయంలో. అంటే జరిగిందన్న నాలుగు వందల ఏళ్ల తర్వాత. చరిత్రకారులు ఆ కొయ్య ఇంటిని 12వ శతాబ్దానికి తెస్తారు. అగస్టీనియన్ సభ గురువులు దాని పక్కన మఠం స్థాపించింది 1153 ప్రాంతంలో.

ఇల్లు చిన్నది. 1479లో విలియం వర్సెస్టర్ అనే యాత్రికుడు కొలిచి రాసుకున్నాడు: పొడవు ఇరవై మూడున్నర అడుగులు, వెడల్పు పదమూడు అడుగులకు రెండంగుళాలు తక్కువ. మన పల్లెల్లో ఒక వరండా అంత. దాని కోసమే రాజులు వచ్చేవారు. మొదటి ఎడ్వర్డ్ పడుచుతనంలో చదరంగం ఆడుతూ ఎందుకో లేచి అవతలికి వెళ్లాడట, వెళ్లీ వెళ్లగానే పైకప్పు రాయి ఊడి ఆయన కూర్చున్న చోటే పడిందట. కాపాడింది వాల్సింగం తల్లేనని ఆయన నమ్మకం. రాజుల సంగతి సరే, జనం మాట చూడండి. ఆకాశంలోని పాలపుంతకు నార్ఫోక్ పల్లెల్లో అప్పట్లో పేరు ‘వాల్సింగం దారి’.

నేల మీది దారిలో ఊరికి మైలు దూరాన హౌటన్ దగ్గర 14వ శతాబ్దంలో ఒక బుల్లి గుడి కట్టారు. యాత్రికులు అక్కడ ఆగి, పాదరక్షలు విడిచి, ఆఖరి మైలు వట్టికాళ్లతో నడిచేవారని చెబుతారు. దానికి ‘చెప్పుల గుడి’ అన్న పేరే నిలిచిపోయింది.

లోపల ఎలా ఉండేదో ఎరాస్మస్ మనకు చూపిస్తాడు. యూరప్‌లోకెల్లా పెద్ద పండితుడు, మహా వెటకారి. 1512లో వచ్చి చూసి వెళ్లి, 1526లో ఒక సంభాషణగా అచ్చు వేశాడు. కిటికీల్లేని చీకటి గది, మైనపు వత్తుల వెలుగు, ఆ వెలుగులో తళతళలాడే బంగారం, వెండి, రత్నాలు. బలిపీఠం పక్కన ఒక గురువు కాపలా. కానుక వేస్తున్నట్టు చెయ్యి చాచి, ముందువాడు వేసినది నొక్కేసే భక్తులు ఉంటారు కాబట్టి! మరియమ్మ పాలు అని చూపించే పదార్థం సుద్దపొడిలో కోడిగుడ్డు తెల్లసొన కలిపినట్టుందని కూడా రాశాడు. ఆయన మొక్కుబడిగా సమర్పించినవి గ్రీకు పద్యాలు. ఆ లిపి అక్కడెవరికీ అంతుపట్టక హీబ్రూ అనుకున్నారట.

వెక్కిరింతలో నిజముంది. ఆ మఠం డబ్బు మీద కూర్చుని ఉంది. 1535లో రాజు అధికారులు లెక్క కట్టినప్పుడు ఒక్క మరియమాత గదిలో పడిన కానుకలే ఏడాదికి 250 పౌండ్లు దాటాయి. పాల గదిలో పడినవి రెండు పౌండ్ల చిల్లర. కాబట్టి ఎరాస్మస్ ఎగతాళి చేసిన చోట జనం కూడా పెద్దగా చెయ్యి విదల్చలేదన్నమాట. వాళ్లు వచ్చింది తల్లి కోసం.

*

ఇప్పుడు హెన్రీ. ఈ ఊరిని తుడిచిపెట్టిన రాజు ఒకప్పుడు దీనికి పరమ భక్తుడు.

1511 జనవరి 1న ఆయనకు కొడుకు పుట్టాడు. ఆ నెలలోనే వాల్సింగం వచ్చాడు. పక్కనున్న బార్షం ఊరి నుంచి చలికాలపు నేల మీద వట్టికాళ్లతో నడిచి వచ్చి, తల్లికి విలువైన హారం సమర్పించాడని, చిన్నప్పుడు పెద్దలు చెప్పగా విన్నానని సర్ హెన్రీ స్పెల్మన్ తర్వాతి తరంలో రాశాడు. బిడ్డ దక్కలేదు. ఫిబ్రవరి 22న కన్నుమూశాడు. అయినా స్వరూపం ముందు రాజు పేర వెలిగే వత్తికి ఖజానా నుంచి డబ్బు అందుతూనే వచ్చింది, ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, పాతికేళ్లకు పైగా.

రాణి కేథరిన్ మొక్కు ఇంకా గట్టిది. 1513లో స్కాట్లండ్ సేన ఫ్లాడన్ దగ్గర ఓడినప్పుడు, తాను వాల్సింగం తల్లి దగ్గరకు వెళ్తున్నానని ఫ్రాన్స్‌లో ఉన్న భర్తకు ఉత్తరం రాసింది. ఆ భర్తే ఆమెను తోసిపుచ్చి మరొకరిని పెళ్లాడాడు. పోపు ఒప్పుకోనందుకు రోముతో తెగదెంపులు చేసుకున్నాడు. 1536 జనవరి 7న కేథరిన్ పోయింది. తన తరఫున ఎవరైనా వాల్సింగం యాత్ర చేసి, దారిలో బీదలకు డబ్బు పంచాలని చివరి కోరికల్లో చెప్పింది. కొడుకు కోసం మొక్కిన చోటే ఆమె మనసు ఉండిపోయింది.

మఠం లోపల రిచర్డ్ వావెల్ అనే ప్రయర్ ఉన్నాడు. ప్రయర్ అంటే మఠానికి పెద్ద. ఈయన బతకనేర్చినవాడు. చర్చికి అధిపతి రాజేనని ఒప్పుకునే పత్రం మీద 1534లో తాను సంతకం పెట్టి, మిగతా 21 మంది గురువుల చేతా పెట్టించాడు. ఏడాదికి 200 పౌండ్ల లోపు రాబడి ఉన్న మఠాలను 1536లో చట్టం చేసి మూసేశారు. వాల్సింగం ఆ గీతకు పైన ఉంది. బతికిపోయామనుకున్నారు.

ఊళ్లో అందరూ అలా అనుకోలేదు. జార్జ్ గిజ్‌బరో అనే రైతు, మఠంలో పాటలు పాడే రాల్ఫ్ రోజర్సన్ మాట్లాడుకున్నారు. చిన్న మఠాలు పోతున్నాయి, రేపు మనదీ పోతుంది, దానితో మన పొట్టకూడూ పోతుంది, పొలాలన్నీ పెద్దమనుషులే మింగుతున్నారు. ఇదీ వాళ్ల గోడు. భక్తి ఒక్కటే కాదు, ఆకలి కూడా ఉంది అందులో. ఉత్తరాదిన అంతకుముందే వేలమంది తిరగబడ్డారు. ఇక్కడా తీరం పొడవునా మంటలు వేసి జనాన్ని లేపాలని, లండన్ దారిలోని వంతెన పట్టుకోవాలని పథకం వేశారు. విలువిద్య పందేల ముసుగులో మనుషుల్ని కూడగట్టారు. 1537 ఏప్రిల్‌లో వాళ్లు ఈ సంగతి చెవిన వేసిన ఒకడు, ఏదో పెద్దింటి నౌకరు, వెళ్లి చెప్పేశాడు.

ఒక్క దెబ్బా పడలేదు, ఒక్క మంటా వెలగలేదు. పదకొండు మందికి మరణశిక్ష. జనం బాగా చూడాలని వాళ్లను నాలుగు ఊళ్లకు పంచారు: నోరిచ్, యార్మత్, లిన్, వాల్సింగం. మే 30న గిజ్‌బరోను, మఠంలో రెండో పెద్ద అయిన నికొలస్ మైలంను సొంత ఊళ్లోనే ఉరితీసి ముక్కలు చేశారు. ఊరి చివర ఆ పొలాన్ని ఇప్పటికీ ‘హతసాక్షుల పొలం’ అంటారు. ప్రయర్ వావెల్ నోరు మెదపలేదు. మెదిపితే తానూ ఆ పొలంలోనే ఉండేవాడనుకోండి. అయినా మైలం చావు చదివాక ఆయన మీద నాకు జాలి పుట్టదు.

మరుసటి ఏడు జూలై 14న అధికారులు వచ్చి స్వరూపాన్ని, బంగారాన్ని, వెండిని తీసుకుపోయారు. వూస్టర్ బిషప్ లాటిమర్ అంతకు కొద్ది వారాల ముందే క్రామ్‌వెల్‌కు ఒక సరదా ఉత్తరం రాశాడు. వూస్టర్, వాల్సింగం, ఇప్స్‌విచ్, డాంకస్టర్, పెన్‌రీస్ మరియమ్మలను అక్కాచెల్లెళ్లని పిలుస్తూ, అందరినీ ఒకచోట చేరిస్తే కాలడానికి రోజంతా పట్టదని. అలాగే జరిగింది. వాల్సింగం, ఇప్స్‌విచ్ స్వరూపాలను లండన్ తెచ్చి చెల్సీలో క్రామ్‌వెల్ ఆజ్ఞతో తగలబెట్టారని అప్పటి లండన్ చరిత్రకారుడు రాసుకున్నాడు. ఆగస్టు 4న వావెల్ మఠాన్ని అప్పగించాడు. ఆయనకు ఏడాదికి 100 పౌండ్ల పింఛను. మిగతా గురువులకు దక్కింది నాలుగు నుంచి ఆరు పౌండ్లు.

సెప్టెంబరు నెలాఖరున రాజు ఖజానా లెక్కల పుస్తకంలో గుమస్తా ఎప్పటిలాగే ‘వాల్సింగం తల్లి ముందు రాజుగారి వత్తి’ అని పద్దు రాశాడు. ఎదురుగా అంకె వేయలేదు. ఏమీ లేదు అని రాశాడు.

స్థలం మరుసటి ఏడాది 90 పౌండ్లకు పోయింది. తల్లి గదిలో ఒక్క ఏడు పడిన కానుకల్లో సగం కూడా కాదు. కొన్నవాడు థామస్ సిడ్నీ. ఊరి తరఫున కొనమని జనం పంపితే సొంతానికి ఉంచేసుకున్నాడని ఆ ఊళ్లో తరతరాలుగా ఒక నిష్ఠూరం ఉంది.

*

ఇదంతా జరిగి ఏడాదిన్నర కూడా కాకముందే వెల్స్ ఊరి స్త్రీ నోరు విప్పింది. మఠం లేదు, గురువులు లేరు, స్వరూపం బూడిద. మిగిలింది నోటి మాట. దాన్ని జప్తు చేయడానికి ఏ అధికారి బండీ చాలదు. టౌన్‌షెండ్ దొరకు ఇది తెలుసు. 1537లో ఈ ఊరివాళ్ల కుట్రను అణిచినవాళ్లలో ఆయనా ఒకడు. ఇద్దరి గుసగుస పదకొండు తలల దాకా ఎలా వెళ్తుందో కళ్లారా చూశాడు.

ఆమెను వాల్సింగం కానిస్టేబుళ్లకు అప్పగించారు. తెల్లవారితే సంత. పొద్దున్నే ఆమె కాళ్లు బొండకొయ్యలో బిగించారు. నేల మీద మంచు. తొమ్మిది గంటలకు సంత బాగా నిండింది. అప్పుడు బయటకు తీసి, ‘అబద్ధపు కథలు చెప్పేది’ అని రాసిన కాగితం తల చుట్టూ కట్టి, బండి ఎక్కించారు. మన దగ్గర సున్నపు బొట్లు పెట్టి గాడిద మీద ఊరేగించేవారని వింటాం చూడండి, అదే తంతు. సంత మైదానం చుట్టూ, వీధుల వెంట తిప్పారు. జనం గుమిగూడిన చోటల్లా బండి ఆపారు. కుర్రాళ్లు, పిల్లలు మంచును ఉండలు చేసి ఆమె మీద విసిరారు.

ఆ పిల్లల తల్లుల్ని ఊహిస్తాను. ఆ వీధుల్లో సత్రాలు నడిపి, యాత్రికులకు సీసపు బిళ్లలు అమ్మి, రొట్టెలు కాల్చి బతికిన ఊరది. ఏడాదిన్నరగా యాత్రికుడు లేడు. విసిరే పిల్లవాణ్ని ఎవరైనా రెక్క పట్టుకుని లాగారో లేదో ఉత్తరంలో లేదు. పెద్దవాళ్లు విసిరారని మాత్రం దొర రాయలేదు. కుర్రకారు అనే రాశాడు. ఊరేగింపు అయ్యాక మళ్లీ బొండలో వేసి, సంత ముగిసేదాకా అలాగే ఉంచారు.

ఉత్తరం చివర దొర రెండు సంగతులు ఒప్పుకున్నాడు. ఒకటి, ఈ నేరానికి ఏ చట్టం కింద ఏ శిక్ష వేయాలో తనకు తెలియక తోచినట్టు చేశాడు. రెండోది, ఇంత చేసినా ఆ స్వరూపం ఇంకా కొందరి తలల్లోంచి పోలేదనే తనకు అనిపిస్తోంది. ఆ రెండో మాట రాయకపోయినా ఉద్యోగానికి లోటు లేదు. అయినా రాశాడు. ఆయనకు నేనిచ్చే మార్కులన్నీ అక్కడే.

లండన్‌లో ఈ ఉత్తరం అందుకున్న చేతులకు అప్పుడు వేరే తలనొప్పి. ఆ నెల 6న క్రామ్‌వెల్ కుదిర్చిన పెళ్లి జరిగింది, జర్మన్ సంస్థానపు పిల్ల ఆన్‌తో. రాజుకు పిల్ల నచ్చలేదు. జూన్‌లో క్రామ్‌వెల్‌ను బంధించారు. జూలై 28న తల తీశారు.

*

ఆ తర్వాతి మూడున్నర శతాబ్దాలూ చెప్పుకోవడానికి పెద్దగా లేవు. మఠం గుడి రాళ్లు ఊళ్లోని ఇళ్లలో కలిసిపోయాయి. తూర్పు గోడలోని ఎత్తయిన కమాను ఒక్కటి తోటలో మిగిలింది. చెప్పుల గుడి కొన్నాళ్లు పేదల ఇల్లు, కొన్నాళ్లు కొలిమి, చివరికి పశువుల కొట్టం.

షార్లెట్ బాయిడ్ అనే ఆవిడ ఆ కొట్టాన్ని బాగుచేయాలని పట్టుబట్టింది. ఆంగ్లికన్‌గా పుట్టి 1894లో కథోలికురాలయింది. 1896లో దాన్ని కొనేసింది. మరుసటి ఏడాది ఆగస్టు 20న లిన్ నుంచి చిన్న యాత్ర ఒకటి బయల్దేరింది. 1934లో కార్డినల్ బోర్న్ పదివేల మందికి పైగా యాత్రికులతో రావడంతో చెప్పుల గుడి దేశంలోని కథోలికుల జాతీయ పుణ్యక్షేత్రమైంది. ఈలోగా ఊళ్లోని ఆంగ్లికన్ విచారణ గురువు హోప్ పాటెన్, పాత మఠం ముద్రలో ఉన్న రూపాన్ని చూసి 1922లో కొత్త స్వరూపం చెక్కించి తన గుడిలో పెట్టాడు. తీసేయమని నోరిచ్ బిషప్ ఒత్తిడి. తీశాడు, తీసి 1931లో దానికి వేరే ఇల్లే కట్టాడు! అలా ఒకే తల్లికి ఒకే ఊళ్లో రెండు క్షేత్రాలయ్యాయి. మొదట్లో ఎడమొహం పెడమొహం. ఇప్పుడు రాకపోకలున్నాయి. 1982లో పోపు రెండో జాన్ పాల్ వెంబ్లీ స్టేడియంలో పూజ చేసినప్పుడు వాల్సింగం స్వరూపాన్ని బలిపీఠం మీద పెట్టారు. 2015లో చెప్పుల గుడికి బసిలికా హోదా వచ్చింది.

2019లో ఇద్దరు పరిశోధకులు ఇంకో తేనెతుట్టె కదిపారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 13వ శతాబ్దపు ఓక్ కొయ్య మరియమ్మ ఉంది, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భంగిమ. దాన్ని లాంగం మాత అంటారు. అసలు వాల్సింగం స్వరూపం ఇదేనేమో, చెల్సీలో కాలింది నకలేమో అని వాళ్ల వాదన. మఠం ముద్రతో పోలికలు చూపిస్తారు. కాలిందని రాసిన లండన్ చరిత్రకారుణ్ని కాదనడానికి అది చాలదని మిగతావాళ్లు. నాకు రెండోపక్షమే బలంగా కనిపిస్తుంది. ఒకవేళ మొదటిదే నిజమైతే, టౌన్‌షెండ్ దొర ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి.

ఏటా జూలైలో బ్రిటన్‌లో స్థిరపడ్డ మలయాళీ సిరో మలబార్ కథోలికులు వేలమంది కుటుంబాలతో వాల్సింగం వస్తారు. ముత్తుకుడలనే అలంకార గొడుగులు పట్టుకుని, చెండ వాద్యం వాయిస్తూ ఊరేగుతారు. తమిళుల యాత్ర వేరే రోజున. చెప్పుల గుడి నుంచి ఊళ్లోకి ఆ ఆఖరి మైలు వట్టికాళ్లతో నడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎందుకో ఇంగ్లిషు వాళ్లకైతే వివరించాలి. మనవాళ్లకు గుడి కనబడగానే చెప్పులు వాటంతటవే కాళ్లు వదులుతాయి.